మార్పులు చేసిన ఇంజన్‌కు ఇగ్నిషన్ టైమింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు ఇంజన్‌కు మార్పులు చేసి, ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో) మ్యాప్, అంటే ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అని చెప్పే పట్టిక, కొత్తగా రాసుకునేవాళ్లు ఇంధనం సంగతి తొందరగానే పట్టేస్తారు. గాలి-ఇంధన నిష్పత్తిని కొలిచే వైడ్‌బ్యాండ్ మీటరు అంకె చూపిస్తుంది; ఇంధనం తక్కువైతే పెంచుతారు, ఎక్కువైతే తగ్గిస్తారు. టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, సరిగ్గా ఉందో లేదో అలా అంకెలో చెప్పే మీటరు డాష్‌బోర్డు మీద ఉండదు. అనుమానాలన్నీ అక్కడే మొదలవుతాయి. ఉదాహరణ అవసరమైన చోట మారుతి 1.3 లీటర్ల జీ13 ఇంజన్‌ను తీసుకున్నాను. ఎస్టీమ్‌లో, జిప్సీలో, తొలి స్విఫ్ట్‌లో వచ్చింది అదే. ఎల్‌జీబీ ఫార్ములా 4 రేసు కార్లకూ అదే ఆధారం. మన దగ్గర దాన్ని విప్పి బిగించని మెకానిక్ అరుదు.

పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఎందుకు?

సిలిండరులో మిశ్రమం పేలదు, మండుతుంది. ప్లగ్ దగ్గర పుట్టిన చిన్న మంట సిలిండరంతా పాకడానికి కొంత వ్యవధి కావాలి. ఈలోగా క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర అది ఒక డిగ్రీ తిరగడానికి సుమారు 167 మైక్రోసెకన్లు పడితే, 6000 దగ్గర 28 చాలు. అంటే 6000 దగ్గర 30 డిగ్రీలు ముందుగా (దీన్నే అడ్వాన్స్ అంటారు) స్పార్క్ ఇచ్చినా, పిస్టన్ పైకొసకు చేరేలోపు మంటకు దక్కేది ఒక్క మిల్లీసెకను కూడా కాదు.

పిస్టన్ పైకొసను టీడీసీ అంటారు. సిలిండరులో పీడనం గరిష్ఠానికి చేరాల్సింది టీడీసీ దాటాక 14 నుంచి 16 డిగ్రీల ప్రాంతంలో. సైకిల్ పెడల్ నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు ఎంత బలంగా తొక్కినా చక్రం కదలదు, కాస్త ముందుకు వాలాక తొక్కితే కదులుతుంది, ఇదీ అంతే. పీడనం మరీ ముందే పెరిగితే ఇంకా పైకి వస్తున్న పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఆలస్యమైతే ఆ వేడి టార్క్‌గా మారకుండా ఎగ్జాస్ట్ గుండా పోతుంది. టైమింగ్ మ్యాప్ రాయడమంటే ఆ 15 డిగ్రీల చోటును ప్రతి ఆర్‌పీఎంకు, ప్రతి లోడుకు వెతుక్కోవడమే.

ఎంబీటీ అని తరచూ వింటాం. దానికీ "గరిష్ఠ అడ్వాన్స్"కూ తేడా ఏమిటి?

ఎంబీటీ అంటే గరిష్ఠ టార్క్ ఇచ్చే అడ్వాన్సుల్లో అన్నిటికన్నా తక్కువది. ఇందులో "తక్కువది" అన్న మాటనే చాలామంది మరచిపోతారు.

డైనో (టార్క్ కొలిచే యంత్రం) మీద ఒక ఇంజన్‌ను 3500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, ఫుల్ థ్రాటిల్‌లో టైమింగ్ మాత్రమే మారుస్తున్నాం అనుకుందాం. 18 డిగ్రీల దగ్గర 100 న్యూటన్ మీటర్లు, 22కు 104, 25కు 106, 27కు 106.5, 30కి మళ్లీ 106.5, 33కు 106. టార్క్ గీత పైకెక్కి, చదును అయి, నెమ్మదిగా దిగింది. ఈ ఇంజన్‌కు ఎంబీటీ 27, 30 కాదు. ఆ చివరి మూడు డిగ్రీలు బండికి ఏమీ ఇవ్వలేదు. పిస్టన్ మీద పీడనాన్ని పెంచి నాకింగ్‌కు (మిశ్రమం తనంతట తానే అంటుకోవడానికి) దగ్గర చేశాయి, అంతే. నేనైతే ఇలాంటి ఇంజన్‌కు 25 పెట్టి వదిలేస్తాను. అర న్యూటన్ మీటరు పోయినా సీటులో కూర్చున్నవాడికి తెలియదు.

ఈ చదును అన్ని ఇంజన్లలోనూ కనిపించదు. టర్బో ఇంజన్లలో, కంప్రెషన్ పెంచిన ఇంజన్లలో టార్క్ ఇంకా పెరుగుతుండగానే నాకింగ్ వచ్చేస్తుంది. అప్పుడు హద్దు గీసేది టార్క్ కాదు, పెట్రోలు.

సూటిగా చెప్పండి, మా ఇంజన్‌కు ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

అందరూ అడిగేది ఇదే. ఇంజన్ చూడకుండా దీనికి సరైన జవాబు ఎవరూ చెప్పలేరు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెప్పవచ్చు. టర్బో లేని, సిలిండరుకు నాలుగు వాల్వులున్న ఇంజన్లు ఫుల్ థ్రాటిల్‌లో, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర సాధారణంగా 24 నుంచి 30 డిగ్రీల మధ్య సర్దుకుంటాయి. ప్లగ్ పక్కకు ఉండే పాత రెండు వాల్వుల హెడ్లలో మంట దూరం ప్రయాణించాలి కాబట్టి 32, 34 కూడా అడుగుతాయి. బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పూర్తిగా ఉన్న చోట టర్బో ఇంజన్లు 10 నుంచి 20 మధ్య ఉంటాయి. వీటికన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువతో మొదలుపెట్టి పైకి రండి. మరొకరి మ్యాప్ ఫైలు దించుకుని నేరుగా ఎక్కించడం మాత్రం వద్దు.

ఐడిల్‌లో 10, క్రూజింగ్‌లో 38, ఫుల్ థ్రాటిల్‌లో 26. ఇంత తేడా ఎందుకు?

థ్రాటిల్ కొద్దిగా తెరిచి సాఫీగా పోతున్నప్పుడు సిలిండరులోకి వచ్చే గాలి తక్కువ, లోపల మిగిలిపోయిన కాలిన వాయువు వాటా ఎక్కువ. అలాంటి పలచని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కాబట్టి ముందుగా అంటించాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే మిశ్రమం చిక్కబడి వేగంగా మండుతుంది, అడ్వాన్స్ తగ్గించాలి.

కార్బ్యురేటర్ మారుతి 800లో కంప్యూటర్ లేకుండానే ఇదంతా జరిగేది. డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగు బరువులు ఆర్‌పీఎం పెరిగినకొద్దీ విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు జరిపేవి. పక్కనున్న వాక్యూమ్ డబ్బా లోడు తగ్గినప్పుడు మరికొంత జరిపేది. ఇప్పటి మ్యాప్‌లో అడ్డం ఆర్‌పీఎం, నిలువు మ్యానిఫోల్డ్ పీడనం అంటే ఆ బరువులూ ఆ డబ్బానే.

ఐడిల్ మాత్రం వేరు. అక్కడ ఎంబీటీకి కావాలనే దూరంగా ఉంటాం, టైమింగ్‌నే పగ్గంలా వాడుకోవడానికి. ఆర్‌పీఎం 800 కన్నా కిందికి పడితే నాలుగు డిగ్రీలు పెంచు, పైకి పోతే నాలుగు తగ్గించు అని ఈసీయూకు చెబితే ఏసీ వేసినప్పుడు ఇంజన్ తడబడదు. ఐడిల్ గాలి వాల్వు కన్నా ఇదే త్వరగా స్పందిస్తుంది.

మ్యాప్ ముట్టుకునే ముందు ఏం చూసుకోవాలి?

లాప్‌టాప్ తెర మీద కనిపించే 20 డిగ్రీలు ఇంజన్‌లోనూ 20 డిగ్రీలేనా? ముందు ఇది తేల్చుకోవాలి. కొత్త ఈసీయూ బిగించిన బండ్లలో ఎక్కువ చెడిపోయేది ఇక్కడే.

ఈసీయూకు క్రాంక్ స్థానం చెప్పేది పళ్ల చక్రం. 36 పళ్లలో ఒకటి లేనిది, 60లో రెండు లేనివి ఎక్కువగా కనిపిస్తాయి. ఖాళీ పన్ను ఎక్కడుందో, దానికీ టీడీసీకీ ఎన్ని డిగ్రీల దూరమో సాఫ్ట్‌వేర్‌లో మనమే రాయాలి. ఆ ఒక్క అంకె 8 డిగ్రీలు తప్పితే మ్యాప్‌లోని ప్రతి గడి 8 డిగ్రీలు తప్పినట్టే.

పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర లాక్ చేయండి. మొదటి సిలిండరు వైరుకు టైమింగ్ లైటు తగిలించండి. క్రాంక్ పుల్లీ మీది గీతను వైట్‌నర్‌తో దిద్దండి, లేకపోతే లైటు వెలుగులో అది కనబడదు. గీత 10 దగ్గర నిలబడేదాకా ఆఫ్‌సెట్ మార్చండి. తర్వాత ఇంజన్‌ను 4000 దాకా రేస్ చేసి మళ్లీ చూడండి. గీత కదలకూడదు. కదిలితే సెన్సరు సంకేతంలో ఆలస్యమో, వైర్ల తిరగవేతో ఉన్నట్టు.

ఇంకో మెలిక ఉంది. పాత ఇంజన్లలో పుల్లీ రెండు ముక్కలు, మధ్యలో రబ్బరు. రబ్బరు వదులైతే పైచక్రం జారిపోయి గీత అబద్ధం చెబుతుంది. అనుమానం వస్తే ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్‌ను చేత్తో ఒకవైపు తిప్పి ఆగిన చోట ఒక గుర్తు, రెండోవైపు తిప్పి ఆగిన చోట మరో గుర్తు పెట్టండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టీడీసీ. పనికి అరగంట పడుతుంది, ఖర్చు లేదు.

ఇంధనం ముందు సరిచేశాకే టైమింగ్‌లోకి వెళ్లండి. మిశ్రమం పలచబడితే మండే వేగమూ మారుతుంది. రెండూ ఒకేసారి కదిలిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

నాకింగ్ అంటే లోపల ఏం జరుగుతోంది?

ప్లగ్ నుంచి మంట పాకుతుండగా, దాని ముందు ఇంకా మండని మిశ్రమం సిలిండరు అంచుల్లోకి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మంట అక్కడికి చేరేలోపే అది తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే, పీడన తరంగాలు గోడల మధ్య కొట్టుకుంటాయి. బయటికి వినిపించే టకటక అదే. బోర్ (సిలిండరు వ్యాసం) కొలతను బట్టి దాని స్వరం ఉంటుంది: 74 మిల్లీమీటర్ల బోర్ ఉన్న జీ13 లాంటి ఇంజన్‌లో ఏడెనిమిది కిలోహెర్ట్జ్. నాక్ సెన్సరును ఆ స్వరానికే శ్రుతి చేస్తారు.

చెడగొట్టేది శబ్దం కాదు. పిస్టన్‌ను కాపాడే పలుచని చల్లని వాయువు పొరను ఆ తరంగాలు చెదరగొడతాయి. వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. ముందు ప్లగ్ చెబుతుంది: విప్పి భూతద్దం కింద చూస్తే తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు. వాటి మధ్య వెండిలా మెరిసే రవ్వలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడొచ్చిన అల్యూమినియం. ఆ రోజుకు ట్యూనింగ్ ఆపేయాలి. ఆ తర్వాతి మెట్లు రింగుల మధ్య గట్టు విరగడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం.

ప్రీ-ఇగ్నిషన్ ఇంకో జబ్బు. స్పార్క్ పడకముందే ఎర్రబడిన ప్లగ్ కొసో, మసి ముక్కో మిశ్రమాన్ని అంటిస్తుంది. టైమింగ్ తగ్గించినా అది ఆగదు, ఎందుకంటే అంటించింది స్పార్క్ కాదు. నాకింగ్ చాలాసేపు సాగితే అది దీన్ని పిలుచుకొస్తుంది, అప్పుడు పిస్టన్‌కు చిల్లు పడటానికి క్షణాలు చాలు.

నాక్ సెన్సరు ఉంది కదా, అదే చూసుకోదా?

కంపెనీ ఈసీయూలో కొంతవరకు చూసుకుంటుంది: నాకింగ్ వినగానే కొన్ని డిగ్రీలు వెనక్కి లాగి, మెల్లగా తిరిగి ఇస్తుంది. కానీ సెన్సరు విన్నదంటే నాకింగ్ జరిగిపోయిందనే అర్థం. గట్టి ఇంజన్ మౌంట్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేశాక మామూలు చప్పుడే పెరుగుతుంది. పాత హద్దులతో సెన్సరు లేని నాకింగ్ వింటుంది, ఉన్నదాన్ని వదిలేస్తుంది. బ్లాకుకు రాగి గొట్టం బిగించి, రబ్బరు ట్యూబుతో ఇయర్‌మఫ్‌లోకి తెచ్చుకుని వినే పాత పద్ధతిని నేను ఇప్పటికీ నమ్ముతాను. అలవాటైన చెవి దేన్నీ వదలదు.

ఏ పెట్రోలు మీద ట్యూన్ చేయాలి?

మీరు రోజూ పోయించుకునే దాని మీద. బీఎస్6 ప్రమాణం వచ్చినప్పుడు మన సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణానికి కొలత) 91. ఖరీదైన రకాల్లో 95, 97, 99 ఉన్నాయి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ తెచ్చింది. అవి అన్ని బంకుల్లోనూ దొరకవు. హైదరాబాద్‌లో 100 పోయించి రాసిన మ్యాప్‌తో ఆదిలాబాద్ బయలుదేరితే, దారిలో ట్యాంకులో పడేది సాధారణ పెట్రోలే. ఈసీయూలో రెండు మ్యాపులకు చోటుంటే రెండూ రాయించుకోండి. లేకపోతే సాధారణ పెట్రోలుకే రాయించుకోండి.

అమెరికాలో ఉన్న తమ్ముడో బావమరిదో పంపిన మ్యాప్ ఎక్కించేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అక్కడి బంకుల మీద రాసే ఆక్టేన్ కొలమానం వేరు. రెండు పరీక్షల సగటు అది. మనదీ ఐరోపాదీ ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్), ఆ రెండు పరీక్షల్లో ఒకటి. అక్కడి 87 ఇక్కడి 91కి దగ్గర. అక్కడి 93 ఇక్కడ 97, 98తో సమానం. "93కు రాసిన మ్యాప్, మన 95 ఇంకా మంచిదే కదా" అనుకుంటే ఇంజన్ పోతుంది.

ఇ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక టైమింగ్ పెంచుకోవచ్చా?

ఎథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కూడా. ఈ రెండూ నాకింగ్‌కు విరుగుడే. కాబట్టి నాకింగ్ హద్దులో ఉన్న ఇంజన్‌కు కొంత వెసులుబాటు దొరకవచ్చు. అయితే ఇంధనం సంగతి ముందు. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి గాలి-ఇంధన నిష్పత్తి 14.7 అయితే, ఇ20కి సుమారు 13.5. పాత ఇ10 మీద రాసిన మ్యాప్ ఇ20తో ఫుల్ థ్రాటిల్‌లో నాలుగైదు శాతం పలచబడుతుంది. ముందు అది సరిచేయండి. ఎంబీటీ దగ్గరే ఉన్న ఇంజన్‌కు మాత్రం ఎంత ఆక్టేన్ పోసినా అదనపు టార్క్ రాదు. 100 ఆక్టేన్ పోయగానే బండి ఎగిరిందనే స్టాక్ (ఏ మార్పూ చేయని) కార్ల యజమానుల అనుభవంలో సగం బిల్లు చూసిన ఉత్సాహమే.

జనవరిలో బాగున్న బండి మేలో నాక్ చేస్తోంది. ఎందుకు?

రామగుండంలో, రెంటచింతలలో మే మధ్యాహ్నం గాలే 45 డిగ్రీలు దాటుతుంది. బానెట్ కింద తెరిచి ఉంచిన ఎయిర్ ఫిల్టరు పీల్చేది అంతకన్నా వేడి గాలి. ట్రాఫిక్‌లో ఇన్‌టేక్ సెన్సరు 65, 70 చూపడం మామూలే. వేడి గాలితో మొదలైన కంప్రెషన్ చివరికి ఇంకా వేడిగా ముగుస్తుంది, అంచుల్లోని మిశ్రమం త్వరగా అంటుకుంటుంది.

దీనికి ఈసీయూలో గాలి ఉష్ణోగ్రత సవరణ పట్టిక ఉంటుంది. చల్లని ఉదయం డైనో మీద చేయించుకున్న చాలా మ్యాపుల్లో అది ఖాళీగానే ఉంటుంది. 45 దాటాక ప్రతి అయిదు డిగ్రీల వేడికి ఒక డిగ్రీ టైమింగ్ తగ్గించడం దగ్గర మొదలుపెట్టి, ఎండాకాలంలో లాగ్ చూసి దిద్దుకోండి. కూలెంట్ 100 దాటితే కూడా రెండు మూడు తగ్గించాలి. అలాగే ఇన్‌టేక్ గొట్టాన్ని గ్రిల్ వెనకకు, చల్లని గాలిలోకి తిప్పితే కొన్నిసార్లు ఏ పట్టికా చేయని మేలు జరుగుతుంది.

ఏ మార్పుకు టైమింగ్ ఎటు కదులుతుంది?

కంప్రెషన్ పెంచితే మంట వేగంగా పాకుతుంది, నాకింగ్ దగ్గరవుతుంది; టైమింగ్ తగ్గుతుంది. పెద్ద క్యామ్ వేస్తే రెండు రకాలుగా ఉంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని కాలిన వాయువు వెనక్కి వస్తుంది. మిశ్రమం బద్ధకంగా మండుతుంది, ఐడిల్‌లో 15, 18 డిగ్రీలు అడుగుతుంది. పైన సిలిండరు బాగా నిండే చోట మాత్రం మునుపటికన్నా తక్కువే చాలవచ్చు. టర్బో తగిలిస్తే ప్రతి ఒక పీఎస్ఐ బూస్ట్‌కు ఒక డిగ్రీ తగ్గించాలన్నది పాత లెక్క. మొదటి మ్యాప్‌కు పనికొస్తుంది, చివరి మ్యాప్‌కు కాదు. సైలెన్సర్ ఒక్కటే మార్చినవాళ్లు టైమింగ్ జోలికి పోనక్కరలేదు.

తగ్గించి పెడితే ఎప్పుడూ సురక్షితమే కదా?

కాదు. నాకింగ్ నుంచి సురక్షితం, వేడి నుంచి కాదు. ఆలస్యంగా అంటించిన మిశ్రమం ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు ఇంకా చాలా వేడిగా ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వులు, మ్యానిఫోల్డ్, టర్బో చక్రం, క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ వేడికి గురవుతాయి. "సేఫ్ మ్యాప్" పేరుతో పది డిగ్రీలు తగ్గించి ఘాట్ రోడ్డు ఎక్కిస్తే మ్యానిఫోల్డ్ ఎర్రబడుతుంది. ఎంత తగ్గించినా నాకింగ్ ఆగకపోతే బూస్టో, కంప్రెషనో, పెట్రోలో మార్చాలి.

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో ఢాం ఢాం అనే మ్యాప్?

టైమింగ్‌ను టీడీసీ తర్వాతికి నెట్టి, ఇంధనం ఆపకుండా పోస్తే ఎగ్జాస్ట్‌లో మండుతుంది. శబ్దం తప్ప లాభం లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది, అపార్ట్‌మెంట్‌లో స్నేహాలూ పోతాయి.

ప్లగ్, కాయిల్ మార్చాలా?

బూస్ట్ లేదా కంప్రెషన్ పెంచితే ఒక మెట్టు చల్లని ప్లగ్ మంచిది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, 6 నుంచి 7కు వెళ్లాలి. బాష్‌లో తలకిందులు, అంకె తగ్గితే చల్లన. టర్బోలో ప్లగ్ సందు 0.7, 0.8 మిల్లీమీటర్లకు తగ్గించండి, లేకపోతే పీడనానికి స్పార్క్ ఆరిపోతుంది. కాయిల్ చార్జింగ్ వ్యవధిని బ్యాటరీ వోల్టేజీని బట్టి పెంచే పట్టిక నింపడం మరవద్దు. మిస్‌ఫైర్‌ను టైమింగ్ లోపమని పొరబడి మ్యాప్ పాడుచేసుకోవడం తరచూ జరిగేదే.

డైనో లేకుండా రోడ్డు మీద చేసుకోవచ్చా?

క్రూజింగ్, ఐడిల్ గడులు చేసుకోవచ్చు. ఒకరు నడుపుతూ మరొకరు లాప్‌టాప్ చూడాలి. ఫుల్ థ్రాటిల్ గడులకు ఔటర్ రింగ్ రోడ్డు ప్రయోగశాల కాదు. పైగా రోడ్డు మీద ఎంబీటీ చదును కనబడదు. నాకింగ్ వచ్చేదాకా పెంచి వెనక్కి రావడమే మిగులుతుంది, అది తప్పు పద్ధతి. కోయంబత్తూరు, చెన్నై ట్రాకులకు కార్లు పంపేవాళ్లు గంట లెక్కన డైనోకు డబ్బు కట్టేది ఇందుకే.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధమైన మార్పులు రోడ్డు మీద చెల్లవు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పెద్ద మార్పులు ట్రాక్ కారుకే పరిమితం చేసుకోండి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి?

సీఎన్‌జీ పెట్రోలు కన్నా నెమ్మదిగా మండుతుంది, ఆక్టేన్ 120 ప్రాంతం. కాబట్టి ఎక్కువ అడ్వాన్స్ అడుగుతుంది, నాకింగ్ లేకుండా భరిస్తుంది కూడా. కిట్లతో వచ్చే టైమింగ్ అడ్వాన్స్ ప్రాసెసర్ చేసే పని ఇదే: గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు కొన్ని డిగ్రీలు ముందుకు జరుపుతుంది. పెట్రోలుకు మారగానే అది వెనక్కి తగ్గాలి. టైమింగ్ లైటు పెట్టి, ఒకే ఆర్‌పీఎం దగ్గర స్విచ్ అటూ ఇటూ వేసి గీత కదులుతోందో లేదో చూడండి. కదలకపోతే బిగించినవాడి దగ్గరకే తీసుకెళ్లండి.